పెరుగన్నం పిల్లులు

స్నానాల గది తలుపు అడుగుచెక్క ఏనాడో నాని కుళ్ళిపోయింది. ఆ సందులోంచి ఒక పంజా లోపలికి వచ్చింది. తెల్లగా, మెత్తగా, పోగొట్టుకున్న చెవిదుద్దు వెతుకుతున్నట్టు తడిగచ్చు మీద అటూ ఇటూ తడిమింది.

ప్రసన్నకుమారి చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. తల ఎత్తి చూస్తే పైన వెంటిలేటర్ గూట్లో ఇంకోటి ఉంది. నుదుటి మీద నిలువు నామంలా నల్లమచ్చ ఉన్నది, తోక కిందికి వేలాడేసుకుని ఆమెనే చూస్తోంది. దాని చూపులో ఆత్రమూ లేదు, అల్లరీ లేదు. పరీక్ష హాల్లో స్లిప్పు దాచుకున్న పిల్లవాడి పక్కన వచ్చి నిలబడి, ఒక్క మాటా అనకుండా కిటికీ వైపు చూసే ఇన్విజిలేటర్‌లా ఉంది. అలా నిలబడడం ఆమెకి బాగా తెలిసిన పనే. ఇన్నాళ్ళూ నిలబడింది తనే కాబట్టి, ఎదుటివాళ్ళకి ఎలా ఉంటుందో మాత్రం ఇప్పుడే తెలుస్తోంది.

"సిగ్గులేదూ నీకు?" అంది మెల్లగా.

దానికి లేదు. ఉన్న సిగ్గంతా ఆమెదే. పిల్లే కదా అనుకుంటూనే తువ్వాలు చుట్టుకుంది. గోడ వైపు తిరిగి, సబ్బుపెట్టె వెనక దాచిన నిమ్మచెక్క తీసి వేళ్ళకి రుద్దుకోవడం మొదలుపెట్టింది. గోళ్ళ సందుల్లో, వేళ్ళ మధ్యలో, మణికట్టు దాకా. వాసన చూసుకుంది. మళ్ళీ రుద్దింది. పైనున్నది మెడ చాచి ముక్కు ఎగరేసింది. దాని లెక్కలో వాసన ఇంకా పోలేదు.

ఆ పిల్లులు ఆమెవి కావు. ఇంటివాళ్ళవి. పిఠాపురంలో కుక్కుటేశ్వరస్వామి గుడికి నాలుగు వీధుల అవతల, పెద్ద పెంకుటిల్లు సీతారామలక్ష్మిగారిది. పెరట్లో వేసిన రెండు గదుల వాటాలో ప్రసన్నకుమారి అద్దెకుంటున్నది. సీతారామలక్ష్మిగారు, ఆవిడ భర్త భాస్కరంగారు అమలాపురం వైపు నుంచి వచ్చిన బ్రాహ్మణ దంపతులు. ఆయన పోస్టుమాస్టరుగా చేసి రిటైరై ఇక్కడే స్థిరపడ్డారు. ఆవిడకి పిల్లులంటే ప్రాణం. మొత్తం మూడు. నామం ఉన్నది పంతులు. తెల్లగా బొద్దుగా ఉండేది ముద్దపప్పు. మూడోది చిట్టెమ్మ, ఎప్పుడు చూసినా కడుపుతోనో బాలింతగానో ఉండేది.

ఆ మూడింటి గురించీ సీతారామలక్ష్మిగారికి ఒక గర్వం ఉంది. అవి శాకాహారులు.

"మా ఇంట్లో పుట్టాయి కదండీ, మా అలవాట్లే వచ్చాయి. పెరుగన్నం తప్ప ఇంకోటి ముట్టవు. పక్కింటి గోడ మీద ఎలక పోతున్నా అలా చూస్తూ కూచుంటుంది మా పంతులు, వేదం వింటున్నట్టు," అని వీధి వీధంతా చెప్పేవారు.

ప్రసన్నకుమారి హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. కోరపళ్ళు దేనికో, గోళ్ళు దేనికో నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పే మనిషి. అయినా సీతారామలక్ష్మిగారి ముందు, "ఆయ్, అలాగే ఉన్నాయండి," అని తలాడించేది. అలా తలాడించక తప్పని కారణం ఆమెకొకటి ఉంది.

ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజున సీతారామలక్ష్మిగారు అన్నీ అడిగారు. ఏ స్కూలు, పెళ్ళయిందా, కాకపోతే ఎందుకవలేదు, ఎవరైనా వస్తూ పోతూ ఉంటారా. అన్నిటికీ జవాబు చెప్పింది. చివర్లో ఆవిడ, కాస్త మొహమాటంగానే, "ఏమీ అనుకోకండి. మీరు తినరుగా?" అన్నారు.

ఆ వేసవిలో ప్రసన్నకుమారి చూసిన ఎన్నో ఇల్లో అది. ప్రతిచోటా ఊరు పేరు చెప్పగానే అవతలివాళ్ళ మొహంలో తలుపు మూసుకోవడం చూసింది. ఉప్పాడ అంటే అయితే చీరలు, లేకపోతే చేపలు. అందుకని ఈసారి, "మాది ఉప్పాడ పక్కనండి, మావాళ్ళకి చిన్న వ్యాపారం ఉంది. నేను తిననండి," అనేసింది.

ఏ వ్యాపారమో ఆవిడ అడగలేదు. ఉప్పాడ చీరలే అనుకున్నారు. ప్రసన్నకుమారి అనుకోనిచ్చింది.

తినకుండా ఉండడం ఆమెకేం కష్టం కాలేదు. ఇంట్లో వండుకోలేదు, బయట తినలేదు, సెలవులకి ఊరు వెళ్ళినప్పుడు తల్లి వండిపెడితే తిని, చేతులు కడుక్కుని బస్సెక్కేది. కష్టమల్లా తల్లి ఇక్కడికి వచ్చినప్పుడు.

తల్లి లోవమ్మ వచ్చింది ఒక్కసారే. తీరంలో చేపలు కొని, నెత్తళ్ళు ఇసకలో ఆరబెట్టి, బుట్టలో పెట్టుకుని సంతల్లో అమ్ముకునే మనిషి. ఇద్దరు పిల్లల్ని ఆ బుట్టతోనే చదివించింది. కొడుకు చిట్టియ్యకి చదువు అంటలేదు, కూతురికి అంటింది. ఆ రోజు లోవమ్మ బుట్ట లేకుండా, కొత్త చీర కట్టుకుని, ఒట్టి చేతులతో వచ్చి అరుగు చివర కూర్చుంది.

"ఏం చేస్తుంటారండీ మీరు?" అన్నారు సీతారామలక్ష్మిగారు కాఫీ ఇస్తూ.

"ఏం లేదమ్మా, ఇంటికాడే," అంది లోవమ్మ, కూతురు చెప్పమన్నట్టే.

అంతలో పంతులు, ముద్దపప్పు, చిట్టెమ్మ ఎక్కడెక్కడి నుంచో ఊడిపడినట్టు వచ్చాయి. లోవమ్మ పాదాల చుట్టూ తిరిగాయి, ఒళ్ళో ఎక్కాయి, వేళ్ళు నాకాయి. ప్రసన్నకుమారి వాటిని అదిలించబోయింది. సీతారామలక్ష్మిగారు మాత్రం మురిసిపోయారు.

"చూశారా! అంత తొందరగా ఎవరి దగ్గరికీ పోవు. మంచి మనసున్నవాళ్ళని కనిపెట్టేస్తాయండీ ఇవి."

లోవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె వేళ్ళ చివరలు ఎర్రగా పొక్కి ఉన్నాయి. లోపలికి వచ్చాక, "ఏంటమ్మా ఆ చేతులు?" అని ప్రసన్నకుమారి అడిగితే, "ఏం లేదే. నిమ్మకాయెట్టి తోంకున్నాను. ఆళ్ళ గ్లాసు ముట్టుకోవాలి కదా," అంది. ఆ మధ్యాహ్నం సీతారామలక్ష్మిగారు పిలిచి పెట్టిన గారెలు, పులిహోర, పరమాన్నం తిని, "కమ్మగుంది," అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఎందుకు రాలేదని కూతురూ గట్టిగా అడగలేదు.

లోవమ్మ పోయిన తరవాత, దినానికి ఊళ్ళో ఉన్నప్పుడు, చిట్టియ్య మాటల్లో అన్నాడు. "అమ్మ పిఠాపురం సంత మానేసింది కదక్కా, నువ్వక్కడ ఇల్లు తీసుకున్నాక. గొల్లప్రోలెల్లేది. సగం కూడా అమ్ముడయ్యేది కాదు అక్కడ." ప్రసన్నకుమారికి ఆ సంగతి తెలియదు. మానెయ్యమని తను చెప్పలేదు, తల్లిని ఆ మాట అడగలేదు. అడక్కుండానే ఆవిడ తప్పుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు తమ్ముడు ఒక స్టీలు డబ్బా ఇచ్చాడు. తల్లి ఆరబెట్టిన ఆఖరి నెత్తళ్ళు. ఆరబెట్టే ఇసకనంతా సముద్రం కోసుకుపోతే పక్కవాళ్ళ డాబా మీద పరిచి, కాకుల్ని తోలుతూ ఎండబెట్టిన వేలెడంతేసి చేపలు. దానితో పాటు ఒక ఫొటో కూడా తెచ్చుకుంది. తల్లిది బాగా వచ్చిన ఫొటో అదొక్కటే. ఎండకి కళ్ళు చికిలించి, పక్కన బుట్టతో, ఆరబెట్టిన చేపల మధ్య గొంతుక్కూర్చుని నవ్వుతోంది. డబ్బాకి ఒకదాని మీద ఒకటి కవర్లు చుట్టి, ఫొటోని చీరల మడతలో పెట్టి, రెండిటినీ సూట్‌కేసులో పడేసి మంచం కిందికి తోసింది.

ఆ సాయంత్రం నుంచే ఆమెకి ఏకాంతం అనేది లేకుండా పోయింది.

మొదట పంతులు వచ్చి సూట్‌కేసు మీద పడుకుంది. దించితే మళ్ళీ ఎక్కింది. మర్నాటికి మూడూ చేరాయి. కిటికీ వేస్తే తలుపు దగ్గర, తలుపు వేస్తే వంటింటి కిటికీ దగ్గర, అన్నీ వేస్తే స్నానాల గది వెంటిలేటర్‌లోంచి. దానికి అద్దం ఎప్పుడో ఊడిపోయింది. చీర మార్చుకుంటే కుచ్చెళ్ళ మీద కూర్చునేవి. పేపర్లు దిద్దుతుంటే మార్కులు వెయ్యబోయే చోట పంజా పెట్టేవి. ఫోన్లో తమ్ముడితో, ఇక్కడ ఎవరి ముందూ మాట్లాడని ఊరి మాటతీరులో మాట్లాడుతుంటే, చిట్టెమ్మ ఎదురుగా కూర్చుని తల ఒక పక్కకి వాల్చి వినేది. ఆమె గొంతు తగ్గించేది.

రోజూ స్కూలుకి వెళ్ళే ముందు ఆమె చేసే పని ఒకటుంది. గడియ పెట్టుకుని, సూట్‌కేసు లాగి, డబ్బా మూత తీసి, నాలుగు నెత్తళ్ళు చేతిలోకి తీసుకుని వాసన చూసేది. తినేది కాదు. తింటే అయిపోతాయి. చూసి, మళ్ళీ లోపల పెట్టి, నిమ్మచెక్కతో చేతులు తోముకునేది. ఒక్కో రోజు ఏడుపు వచ్చేది. గట్టిగా ఏడవడం ఆమెకి చేతకాదు, కుళాయి తిప్పి ఏడిచేది. ఆ సమయంలో పైన వెంటిలేటర్‌లో పంతులు. తలుపు కింద ముద్దపప్పు పంజా. ఏడుస్తూ ఏడుస్తూ వాటిని చూసి ఆపేసేది. ఎవరో పెద్దమనిషి చూస్తుండగా ముక్కు చీదినట్టు ఉండేది.

"ఏంటో టీచర్ గారూ, మా ఇంట్లో పడుకోడమే మానేశాయి ఇవి," అన్నారొక రోజు సీతారామలక్ష్మిగారు తులసికి నీళ్ళు పోస్తూ. "మీ పెట్టె మీదే పడుంటున్నాయట. అమ్మ పోయిన దుఃఖంలో ఉన్నారు కదా మీరు, వాటికి తెలిసిపోయిందండీ. తోడుంటున్నాయి."

"ఆయ్... అలాగే ఉందండి."

"నిమ్మకాయలు కావలిస్తే మా చెట్టువి కోసుకోండి. బజార్లో తెగ కొంటున్నారని మా వారు అన్నారు. పైత్యమా?"

"అవునండి. కొంచెం."

ఆ రోజంతా ఆ 'కొంచెం' ఆమె చెవుల్లో వినపడుతూనే ఉంది. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం ఆసరా పెట్టడం, ఆ రెండోదానికి కూడా అంత మర్యాదగా 'అండి' తగిలించడం.

లోవమ్మ పోయి నెల కావస్తుండగా చిట్టియ్య ఫోన్ చేశాడు. సోమవారం నెల పెట్టుకుంటున్నామని, రమ్మని. స్కూల్లో పరీక్షలు మొదలవుతున్నాయి, సెలవు దొరకలేదు.

"పోన్లే అక్కా. నువ్వూ అక్కడో పళ్ళెంలో ఎట్టు. అమ్మకేది ఇష్టమో అదెట్టాలి. నెత్తళ్ళు ఉన్నాయిగా నీ కాడ."

"ఇక్కడ ఎలాగరా?"

"ఎలాగేంటి? పొయ్యి లేదా నీకు?"

ఫోన్ పెట్టేసింది. సోమవారం పొద్దున్నే ఇంటివాళ్ళిద్దరూ అభిషేకానికి గుడికి వెళ్తారని గుర్తొచ్చింది. వాళ్ళు వెళ్ళి వచ్చేలోగా అయిపోతుంది. తల్లికి అన్నం పెట్టడానికి ఇంటివాళ్ళు లేని వేళ వెతుక్కుంటున్నానని తెలుస్తూనే ఉంది. వెతుక్కుంది.

సోమవారం పొద్దున తలంటుకుని, గేటు గొలుసు చప్పుడు విన్నాక పని మొదలుపెట్టింది. ముందు పిల్లులు. పెద్దింటి వెనక గట్టు మీద గిన్నెనిండా పాలు పోసి వచ్చింది. మూడూ తల వంచి తాగుతుండగా పరుగున వచ్చి వీధి తలుపు, పెరటి తలుపు, కిటికీలు అన్నీ వేసేసింది. రెండు గదుల్లోనూ సాంబ్రాణి వేసింది. పొగకి కళ్ళు మండాయి. మూకుట్లో నెత్తళ్ళు సన్నసెగ మీద వేయించి, కారం చల్లింది. ఆ వాసన లేచి సాంబ్రాణిని ఒక పక్కకి తోసేసింది. ఎన్నాళ్ళకో తల్లి వంటింట్లో నిలబడినట్టు ఉంది. కాసేపు గరిటె కదపడం కూడా మరిచిపోయింది.

లోపలి గదిలో పీట మీద ఫొటో పెట్టి, ముందు పళ్ళెం పెట్టింది. అన్నం, పక్కన నెత్తళ్ళు, గ్లాసుతో నీళ్ళు. దీపం వెలిగించి దణ్ణం పెట్టుకుంది. తరవాత ఏం చేయాలో ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలుసు. పెద్దలు తినేటప్పుడు బతికున్నవాళ్ళు చూడకూడదు. చూస్తే సిగ్గుపడి తినకుండా లేచిపోతారు. గదిలోంచి ఇవతలకి వచ్చేసి, తలుపు దగ్గరగా వేసి, కాసేపు వాళ్ళ మానాన వాళ్ళని వదిలేయాలి.

తలుపు వేసింది. ఇల్లు దాటి వచ్చి, వీధి తలుపు కూడా దగ్గరగా లాగి, ముందు మెట్టు మీద కూర్చుంది. అమ్మని ప్రశాంతంగా తిననివ్వాలి. ఈ ఇంట్లో అమ్మ తనకిష్టమైంది తినడం ఇదే మొదలు.

స్నానాల గది ఆ లోపలి గదిలోనే ఉందన్న సంగతి, దాని వెంటిలేటర్‌కి అద్దం లేదన్న సంగతి ఆమెకి తట్టలేదు. రోజూ అదే దారిన వచ్చి తన పరువు తీస్తున్నవాటిని పట్టుకుని, పాలకి లొంగిపోయాయనుకుంది.

"కూచున్నారా? పెట్టేశారా అప్పుడే?"

ప్రసన్నకుమారి ఉలిక్కిపడి లేచింది. సీతారామలక్ష్మిగారు గుడికి వెళ్ళలేదు. తడి జుట్టు ముడేసుకుని, మడిచీర కట్టుకుని, చేతిలో ఇత్తడి క్యారియర్‌తో పెరటి దారిన వస్తున్నారు. వెనకే, గుడి నుంచి అప్పుడే వచ్చిన భాస్కరంగారు, చేతిలో కొబ్బరి చెక్కతో నిలబడి ఉన్నారు.

"ఇవాళేగా మీ అమ్మగారి మాసికం! తిథి నేను లెక్క చూసి పెట్టుకున్నాను. మీకు స్కూలు, ఎప్పుడు వండుకుంటారు పాపం అని నేనే మడి కట్టుకుని వండాను. గారెలు, పరమాన్నం, పులిహోర. ఆ రోజు ఆవిడ మా ఇంట్లో కమ్మగా తిన్నారు కదా, అవన్నీ చేశాను."

ప్రసన్నకుమారి తలుపుకి అడ్డంగా జరిగింది. ఆ పొగలోంచి బయటికి వస్తున్న వాసన ఈవిడకి తెలియడం లేదా, లేక ఆ వాసన ఎప్పుడూ ఎరగరు గనక దానికి పేరు పెట్టలేకపోతున్నారా? సీతారామలక్ష్మిగారు ముక్కు కొంచెం చిట్లించి, "సాంబ్రాణి పాతదేమో, మాడు కంపొస్తోంది," అన్నారంతే. "తలుపేశారా? మంచిపని చేశారు. చూడకూడదు. మాలోనూ అంతే."

అప్పుడు ఇంటి మూల తిరిగి పంతులు వచ్చింది.

తొందరేం లేదు దానికి. తోక నిటారుగా ఎత్తి, నుదుట నామంతో, ఊరేగింపులో నడిచినట్టు నడిచి వచ్చింది. నోట్లో అడ్డంగా వేయించిన చేప ఒకటి. తిన్నగా సీతారామలక్ష్మిగారి దగ్గరికి వెళ్ళి, ఆవిడ కాలివేలి పక్కన దాన్ని జాగ్రత్తగా పెట్టి, తల ఎత్తి చూసింది. ఇన్నేళ్ళూ తిన్న పెరుగన్నానికి బదులు తీర్చుకుంటున్నట్టు.

"ఏంటే అది?" అన్నారు భాస్కరంగారు కళ్ళజోడు సర్దుకుంటూ.

సీతారామలక్ష్మిగారు కిందికి చూశారు.

"చేప," అన్నారు.

ఆ మాట పూర్తవకుండానే ముద్దపప్పు వచ్చింది, దాని నోట్లో రెండు.

"శివశివా! శివశివా!" ఆవిడ రెండడుగులు వెనక్కి వేశారు. క్యారియర్ చేతిలో ఊగింది. "ఎక్కణ్ణుంచి తెచ్చార్రా వెధవల్లారా! ఏ కాకి పడేసింది? ఏ గోడ దూకారు? ఛీ, నా పిల్లులేనా మీరు? వీధంతా చెప్పుకున్నాను మీ గురించి!"

పంతులు ఆవిడ కేసి ప్రేమగా కళ్ళు మూసి తెరిచింది.

"ఏవండీ, ఆటో పిలిచి ఇవాళే దీన్ని తీసుకెళ్ళి గొల్లప్రోలు సంతలో వదిలేసి రండి. ఆ చేపలవాళ్ళ మధ్యన పడుంటే బుద్ధొస్తుంది. ఈ కంపు నా గుమ్మంలోకి తెస్తుందా?" అంతలో ప్రసన్నకుమారి వైపు తిరిగి, నిజంగా బాధపడుతూ, రెండు చేతులూ జోడించబోయారు. ఒక చేతిలో క్యారియర్ ఉండడం వల్ల కుదరలేదు. "టీచర్ గారూ, క్షమించండి. మీ అమ్మగారికి అన్నం పెట్టుకున్న వేళ గుమ్మంలో ఇలాంటి అపచారం జరిగింది. ఆవిడ ఏమనుకుంటారో ఏంటో."

ఊరుకుంటే సరిపోతుంది. ఆ సంగతి ప్రసన్నకుమారికి స్పష్టంగా కనిపించింది. చేప కాకిది, తప్పు పిల్లిది, ఇల్లు తనది. ఒక్క మాట అనక్కర్లేదు, 'అలాగేనండి' అని కూడా అనక్కర్లేదు. ఇంతకాలం అన్నది చాలు, అదే నడుస్తుంది. పంతులు గొల్లప్రోలు సంతకి వెళ్తుంది. అమ్మ వెళ్ళినట్టే.

"అది మా అమ్మదండి," అంది.

"ఏది?"

"ఆ చేప. మా అమ్మ ఎండబెట్టిందండి. అమ్మకి ఇష్టమని నేనే వేయించి పెట్టాను. పిల్లుల తప్పు లేదండి."

భాస్కరంగారు కొబ్బరి చెక్క ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"మీరు తిననన్నారుగా," అన్నారు సీతారామలక్ష్మిగారు.

"అన్నానండి."

"అబద్ధమా?"

"అబద్ధమేనండి."

"మీ వాళ్ళది చీరల వ్యాపారం అన్నారు."

"నేను అనలేదండి. మీరు అనుకుంటే ఊరుకున్నాను. మా అమ్మ సంతల్లో ఎండుచేపలు అమ్మేదండి. ఇక్కడి సంతలోనే అమ్మేది. నేను ఈ ఇంట్లో చేరాక, నాకు నామోషీ అని గొల్లప్రోలు వెళ్ళేది."

సీతారామలక్ష్మిగారి మొహం ఎర్రబడింది. కోపమో, ఇందాక తను అన్న మాట గుర్తొచ్చో, చూసేవాళ్ళకి తెలియదు. "నిజం చెప్పుంటే నేను ఇల్లిచ్చేదాన్ని కాదు," అన్నారు.

"తెలుసండి."

ఆవిడ క్యారియర్ మెట్టు మీద పెట్టి, చేపని దాటకుండా చుట్టూ తిరిగి, మళ్ళీ స్నానం చేయడానికి నూతి వైపు వెళ్ళిపోయారు. చేద చప్పుడు, నీళ్ళు గుమ్మరించుకుంటున్న చప్పుడు వినపడింది. ఆ చప్పుడు వింటూ ప్రసన్నకుమారి మెట్టు మీదే నిలబడింది. ఆవిడ కడుక్కుంటున్నది ఏమిటో తనకి తెలుసు.

లోపలికి వెళ్ళింది. పళ్ళెంలో అన్నం చెదిరి ఉంది. నెత్తళ్ళలో సగం లేవు. చిట్టెమ్మ ఫొటో పక్కనే కూర్చుని మూతి తుడుచుకుంటోంది. దాన్ని కొట్టాలనిపించలేదు. క్యారియర్ విప్పి, రెండు గారెలు, కొంచెం పులిహోర పళ్ళెంలో నెత్తళ్ళ పక్కన పెట్టింది. అమ్మ అన్నీ తింటుంది. 'కమ్మగుంది' అంటుంది, ఎవరు పెట్టినా.

స్కూల్లో అటెండెన్స్‌కి ఫోన్లో యాప్ ముందు మొహం పెడితే, మొహం సరిపోలలేదని రెండుసార్లు వెనక్కి కొట్టింది. కళ్ళు కడుక్కుని వచ్చి మూడోసారి పెట్టింది. ఆ రోజు పరీక్ష హాల్లో ఏ పిల్లవాడి పక్కనా ఆగి నిలబడలేదు.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి భాస్కరంగారు అరుగు మీద ఉన్నారు. ఆమెని చూసి గొంతు సవరించుకున్నారు.

"మధ్యాహ్నం పెరుగన్నం పెడితే ఒక్కటీ ముట్టలేదండి," అన్నారు, కష్టపడి ఒక వార్త అందజేస్తున్నట్టు. "గిన్నె వాసన చూసి మా కేసి చూశాయి. మా ఆవిడకి అదొకటి పట్టుకుంది."

"నేను ఇల్లు చూసుకుంటానండి. ఒక్క నెల టైమివ్వండి."

"దాని సంగతి నన్నడక్కండి. ఆవిడ ఇంకా ఏమీ అనుకోలేదు. అనుకున్నాక చెప్తుంది." ఆయన లోపలికి తొంగి చూసి, గొంతు తగ్గించారు. "ఆటో అయితే పిలవలేదు."

ఇంట్లోకి వచ్చింది. ఇన్నాళ్ళ అలవాటు కొద్దీ గడియ మీదికి చెయ్యి వెళ్ళింది, వెయ్యలేదు. కిటికీలు తెరిచింది. పొద్దుటి వాసన ఇంకా ఉంది. ఫొటో పీట మీదే ఉంది. దాన్ని సూట్‌కేసులో పెట్టబోయి, మేకు ఎక్కడుందో చూసి, గోడకి తగిలించింది. బుట్ట, చేపలు, చికిలించిన కళ్ళు, అన్నీ గుమ్మంలోంచి చూస్తే కనపడతాయి.

అప్పుడు నేల మీద కూర్చుని ఏడ్చింది. కుళాయి తిప్పలేదు. పంతులు వెంటిలేటర్‌లోంచి దూకి, స్నానాల గది దాటి వచ్చి, ఎదురుగా కూర్చుని చూడడం మొదలుపెట్టింది. ఆమె చూడనిచ్చింది. ముక్కు కొంగుతో తుడుచుకుంది, అది చూస్తుండగానే.

గోడ అవతల నుంచి సీతారామలక్ష్మిగారి గొంతు వినపడింది. పొడిగా ఉంది. టీచర్ గారూ అని పిలవలేదు.

"మా పంతులు అక్కడుందా?"

"ఉందండి."

"ఏం చేస్తోంది?"

ప్రసన్నకుమారి చూసింది. అది ఇప్పుడు ఆమె వైపు చూడడం లేదు. మెడ ఎత్తి గోడ మీది ఫొటో కేసి చూస్తోంది.

"మా అమ్మ ముందు కూచుందండి."

అవతల గిన్నె ఒకటి గట్టు మీద పెట్టిన చప్పుడు.

"ఆవిడ పేరేంటన్నారు?"

"నేను చెప్పలేదండి," అంది ప్రసన్నకుమారి. గొంతు సవరించుకుని, వీధిలో పోయేవాళ్ళకి కూడా వినపడేటంత గట్టిగా చెప్పింది. "లోవమ్మ."